వాడిపోయే దండ

గరివిడిలో మా మావయ్య ఇంటి వీధి గదిలో, గుమ్మం పైన ఒక పటం ఉండేది. రవివర్మ వేసిన హంస దమయంతికి అచ్చు. ఎర్రచీర కట్టుకున్న అమ్మాయి నిలబడి ఉంటుంది. ఎదురుగా పిట్టగోడ మీద తెల్లటి హంస, ఒక పక్కన తామరలు. మూలన చెమ్మ దిగి టీ ఒలికినట్టు మచ్చ పడింది. అద్దం మీద దమయంతి నుదురుండే చోట ఏళ్ల తరబడి పెట్టిన కుంకుమ గట్టిపడి, వేలితో తాకితే చిన్న గడ్డలా తగులుతుంది. హంస తల మీద అలాంటి బొట్టే ఇంకొకటి. రెండూ అమ్మమ్మ పెట్టినవే.

నేను ఇక్కడి పశువైద్య కళాశాలలో చదువుతూ మావయ్య ఇంట్లో ఉంటున్నాను. ఆయన ముప్ఫై ఏళ్లు హైస్కూళ్లలో తెలుగు చెప్పి రిటైరైన మనిషి. మాఘమాసంలో మా అప్ప పెళ్లి. సారెతో పాటు అమ్మమ్మ పటం కూడా పంపమని రాజాం నుంచి అమ్మ ఫోను చేసింది. సున్నాలు వేయిస్తున్నామని పటం దించి బల్ల మీద పెట్టి ఉంది. అమ్మ మాట చెప్పగానే మావయ్య వద్దన్నాడు. ఆ సాయంత్రం మొదలుపెట్టి రాత్రి బాగా పొద్దుపోయేదాకా ఇద్దరం వాదించుకున్నాం. ఒక పటాన్ని అంతసేపు చూడడం నాకు అదే మొదటిసారి. గుర్తున్నంత మేరకు ఆ మాటలు ఇవి.

మావయ్య: ఇత్తడి బిందెలు పట్టుకెళ్లు, పందిరి మంచం పట్టుకెళ్లు, అమ్మ రుబ్బురోలు కావాలన్నా ఆటోలో వేయించి పంపిస్తాను. ఈ పటం మాత్రం వొద్దు.

నేను: ఎందుకొద్దు మావయ్యా? అప్పకి చిన్నప్పటి నుంచి ఇదంటే ఇష్టం.

మావయ్య: ఆవిడ కథ నీకు తెలీదేటి? మొగుడు జూదమాడి రాజ్యం పోగొట్టుకున్నాడు. అడవిలో నిద్రపోతున్న పెళ్లాం చీర సగం చింపుకుని, ఆవిడ్ని చీకట్లో వదిలీసి వెళ్లిపోయాడు. అలాంటి ఇల్లాలి బొమ్మ కొత్త కాపరంలో గోడకి పెడతారా?

నేను: అదంతా ఈ పటంలో ఎక్కడుంది, చూపించు. పాచికలు లేవు, అడవి లేదు, చిరిగిన చీర లేదు. నలుడే లేడు. ఉన్నది ఒక అమ్మాయి, ఒక పక్షి.

మావయ్య: కంటికి కనిపించిందే బొమ్మ అనుకోకు. దమయంతి అనగానే ఆ పేరు వెనకాల అడవి కూడా వచ్చీస్తుంది. కథ తెలిసిన వాళ్ల కోసమే రవివర్మ ఈ బొమ్మ వేశాడు. ముందేం జరగబోతోందో ఆవిడకి తెలీదు, చూసే మనకి తెలుసు. ఆ జాలే ఈ పటంలో రసం. చుట్టూ అంత ప్రశాంతంగా ఎందుకుంది అనుకున్నావు? గాలివాన ముందు చెట్టు ఆకు కదలదు. అదీ ఇందులో ఉన్నది.

నేను: ఆ జాలి నీది. ఆవిడ మొహంలో ఉందా?

మావయ్య: మొహం సరిగా చూడు. పెళ్లి మాట వింటున్న పిల్ల, నవ్వుందా? హంస ఎదురుగా ఉన్నా ఆవిడ మనసు హంసని దాటి ఎక్కడికో పోయింది. తన రాత తనకి లోపల తెలుస్తున్నట్టే లేదూ?

నేను: మాకు మొదటి ఏడాదే ఒకటి నేర్పుతారు మావయ్యా. పశువుని తాకకముందు నాలుగడుగుల దూరంలో నిలబడి చూడాలి. ఎలా నిలబడింది, బరువు ఏ కాలి మీద వేసింది, చెవులెటు తిప్పింది, డొక్కలు ఎలా ఎగురుతున్నాయి. అవన్నీ చూశాకే జబ్బు పేరు చెప్పాలి. పేరు ముందే అనుకుని దగ్గరికి వెళితే ఆ జబ్బు లక్షణాలే కనిపిస్తాయి, మిగతావి కంటికి ఆనవు. నువ్వు విధి అనే పేరు ముందే పెట్టుకుని ఈ మొహం చూస్తున్నావు.

మావయ్య: సరే, నువ్వు పేరు పెట్టకుండా చూసి చెప్పు.

నేను: నిలబడి ఉంది. కూలబడలేదు, చేతుల్లో మొహం దాచుకోలేదు. పెదాలు మూసే ఉన్నాయి. ఎవరో కొత్త సంగతి చెబుతుంటే అందులో నిజమెంతో తూచుకునే మనిషి ఇలాగే ఉంటుంది. నవ్వు లేదంటే దుఃఖం ఉన్నట్టు కాదు. వింటోంది, అంతే. ఈ పటంలో జరుగుతున్న పని వినడం.

మావయ్య: ఎవరు చెబుతుంటే వింటోంది? హంస. అది మామూలు పక్షి కాదమ్మా. నలుడు పట్టుకుని వదిలిపెట్టిన హంస. భారతంలోనూ అది బంగారు హంసే, శ్రీనాథుడి శృంగార నైషధంలోనూ బంగారు హంసే. మనిషి మాట మాటాడుతుంది. అలాంటిది ఎగిరొచ్చి ఒక పిల్ల ముందు వాలిందంటే అది దైవం పంపిన కబురు కాక మరేటి?

నేను: బంగారు హంసా?

మావయ్య: ఆఁ. మేలిమి బంగారపు రెక్కలు.

నేను: మరి ఇక్కడున్నది తెల్లటిది కదా! రవివర్మకి కథ తెలీక కాదు కదా తెల్లగా వేసింది. పురాణం బంగారం ఇస్తే ఆయన తీసేశాడు. నువ్వు చెప్పిన దైవత్వం ఆ బంగారంలోనే కదా ఉంది? అది తీసేశాక మిగిలింది కొలనులో తిరిగే పక్షి. ఇంకో మాట. మన కవుల హంస, మానససరోవరానికి వెళ్లొచ్చే హంస, హిమాలయాల మీదుగా ఎగిరే బాతు అయి ఉంటుందని చాలామంది పండితులు అంటారు. దాని తల మీద రెండు నల్లచారలుంటాయి. ఇంత పొడుగు మెడ, ఇంత తెలుపు ఉన్నది సీమదేశాల హంస. రవివర్మ మన కథకి అక్కడి పక్షిని తెచ్చి పెట్టాడు. ఆయన ఎంచుకున్న పక్షి ఇది. బొమ్మలో ప్రతిదీ ఇలా ఒకరు ఎంచుకున్నదే.

మావయ్య: ఆ సంగతి బాగుంది. కానీ తెలుపులో అర్థం లేదనకు. హంస పాలూ నీళ్లూ వేరు చేస్తుందంటారు. తెల్లహంస అంటే వివేకం. ఆ వివేకమే పక్కనుండి కూడా దమయంతి కష్టాన్ని ఆపలేకపోయింది. నేనన్న విధి అదే.

నేను: గుర్తుల దగ్గర కొంచెం జాగ్రత్తగా ఉండాలి మావయ్యా. ఇదిగో, ఫోనులో ఈ బొమ్మ చూడు. 1434లో యాన్ వాన్ ఐక్ వేసింది, లండన్ నేషనల్ గ్యాలరీలో ఉంది. ఒకాయన, ఒకావిడ, చెయ్యీ చెయ్యీ కలిపి గదిలో నిలబడ్డారు. కాళ్ల దగ్గర చిన్న కుక్క. పైన దీపపు చట్రంలో పట్టపగలు ఒకే కొవ్వొత్తి వెలుగుతోంది. 1934లో పనోఫ్‌స్కీ అనే పండితుడు ఇది పెళ్లికి సాక్ష్యపత్రం లాంటి బొమ్మ అన్నాడు. కుక్క అంటే విశ్వాసమట, కొవ్వొత్తి అంటే అన్నీ చూసే దేవుడట. చాలా ఏళ్లు అందరూ ఒప్పుకున్నారు. తర్వాత వేరేవాళ్లు లేచి, ఇది పెళ్లి కాదు నిశ్చితార్థం అన్నారు. ఇంకొకరు, కొవ్వొత్తి వెలుగుతున్నది ఆయన వైపే, ఆవిడ వైపు ఆరిపోయి మొదలే మిగిలింది, కాబట్టి బొమ్మ వేసేనాటికే ఆవిడ చనిపోయి ఉంటుంది అన్నారు. కొవ్వొత్తి ఒకటే. అందులో ఒకరికి పెళ్లి కనిపించింది, ఇంకొకరికి చావు కనిపించింది.

మావయ్య: (ఫోను దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూశాడు.) అద్దం కూడా పెట్టాడు వెనకాల. భలే వేశాడు. అయితే ఏటంటావు? గుర్తుకి అర్థమే లేదంటావా?

నేను: ఉంది. కానీ ఒక్క గుర్తునే పట్టుకుని బొమ్మ మొత్తాన్ని దాని వెనక ఈడ్చుకుపోకూడదు అంటాను. నిలుచున్న తీరు, వెలుతురు, పక్కనున్న మనిషి, ఉండాల్సి ఉండీ లేని మనిషి, ఇవన్నీ ఆ అర్థానికి ఒప్పుకోవాలి. ఇక్కడ చూడు. పెళ్లి కథ బొమ్మలో పందిరి లేదు, మధుపర్కాలు లేవు, పెళ్లికొడుకు లేడు, ఆవిడ తండ్రి లేడు. చుట్టూ ఎవరూ లేని చోట ఆ పిల్ల ఒక్కతీ ఆలోచించుకుంటోంది. తలరాత బొమ్మ వేయాలనుకున్నవాడు ఇలా వేస్తాడా? ఇలా వేశాడంటే ఆవిడ ఇష్టాన్ని వేసినట్టే.

మావయ్య: ఇష్టమంటున్నావు. ఏం చూసి ఇష్టపడింది? నలుణ్ణి చూడలేదు, మాటాడలేదు. హంస చెప్పిందే విన్నది. ఆ హంస నలుడి చేతిలోంచి ప్రాణాలతో బయటపడి ఆ రుణం తీర్చుకోవడానికి వచ్చింది. పెళ్లిళ్ల పేరయ్య అబ్బాయిని పొగడకుండా ఉంటాడా? ఒకరి రుణం, ఒకరి మాట, ఒకరి పొగడ్త. వాటి మధ్యలో ఆవిడ. తాను ఎంచుకున్నాననే అనుకుంది. వల మాత్రం ఎప్పుడో పన్నీశారు.

నేను: అయితే అది మనుషులు పన్నిన వల. దానికి విధి అని పేరు పెట్టకు. మనూళ్ల సంగతే తీసుకో. నువ్వే నాకు కన్యాశుల్కం ముందుమాట చదివి చెప్పావు. 1897లో పుస్తకం అచ్చేసినప్పుడు గురజాడ ఇంగ్లీషులో రాసినది. ఆనంద గజపతి మహారాజు విశాఖపట్నం జిల్లాలో బ్రాహ్మణ కుటుంబాల్లో మూడేళ్లలో జరిగిన శుల్కం పెళ్లిళ్ల జాబితా తయారు చేయించారు. ఎన్ని తేలాయి?

మావయ్య: 1,034.

నేను: అందులో ఐదేళ్ల పిల్లలు 99 మంది. నాలుగేళ్లవాళ్లు 44, మూడేళ్లవాళ్లు 36, రెండేళ్లవాళ్లు ఆరుగురు. ఏడాది పిల్లలు ముగ్గురు. ఆ ఏడాది పిల్లలకి పలికిన ధర 350 నుంచి 400 రూపాయలు. అప్పట్లో ఈ ప్రాంతమంతా ఆ జిల్లాలోనిదే. ఆ ఇళ్లలో పెద్దవాళ్లు ఏమనుకుని ఉంటారు? పిల్ల నుదుట ఎలా రాసుంటే అలా అనుకుని ఉంటారు. కానీ అది రాసింది బ్రహ్మా? రూపాయలు లెక్కపెట్టి పుచ్చుకున్న చెయ్యి. మహారాజు లెక్క తీయించబట్టి, గురజాడ నాటకం రాయబట్టి, తలరాత అనుకున్నది బేరమని జనానికి తెలిసింది. అందుకే విధి అనే మాట వింటే నాకు కోపమొస్తుంది. ఆ మాట వెనకాల ఎవరో ఒకరు దాక్కుంటారు.

మావయ్య: (కాసేపు మాటాడలేదు.) ఆ ఏడాది పిల్ల తరఫున ఆలోచించు. నాన్న బేరమాడాడని ఆ పిల్లకి తెలుసా? కళ్లు తెరిచేసరికి పెళ్లయిపోయింది, బుద్ధి తెలిసేసరికి మొగుడు పోయాడు. ఆ పిల్లకి అది విధి కాదూ? ఒకరి నిర్ణయం ఇంకొకరి తలరాత అవుతుందమ్మా. నువ్వు చెయ్యి చూపించావు, బాగుంది. నేను ఆ చేతి కింద ఉన్న పిల్లని చూస్తున్నాను.

నేను: అది ఒప్పుకుంటాను. అందుకే దమయంతిని చూపిస్తున్నాను. ఆ 1,034 మందిలో ఎవరినైనా ఇలా నిలబెట్టి, నీకు ఇష్టమేనా అని ఒక పక్షి అయినా అడిగిందా?

మావయ్య: అడగలేదు. నిజమే. కానీ అడిగితే సరిపోతుందా? దామెర్ల రామారావు సంగతి చెబుతాను. రాజమండ్రి మనిషి. అజంతా గోడలు చూసి, బొంబాయిలో చిత్రకళ చదువుకుని, తెలుగు బొమ్మకి కొత్త దారి వేశాడు. భార్య సత్యవాణి కూడా బొమ్మలు వేసేది. అలాంటి జంట ఎంతమందికి కుదురుతుంది? 1925లో మశూచి వచ్చి పోయాడు. 28 ఏళ్లు కూడా నిండలేదు. అక్కడ బేరమాడినవాడు ఎవడు? వల పన్నినవాడు ఎవడు? చెప్పు. మనిషి చెయ్యి కనపడని చోట కూడా తలుపు మూసుకుపోతుంది. దాన్ని ఏ పేరుతో పిలవమంటావు?

నేను: దానికి నా దగ్గర పేరు లేదు మావయ్యా.

మావయ్య: మా నాన్న గర్భాం మాంగనీసు గనిలో గుమస్తా. సాయంత్రం ఇంటికొచ్చేసరికి చొక్కా కాలరు నల్లగా ఉండీది. ఈ పటం అద్దం కూడా నల్లబడిపోయీది. మా అమ్మ శుక్రవారం శుక్రవారం తడిగుడ్డ పెట్టి తుడిచీది. నాకు పదకొండేళ్లప్పుడు జ్వరం వచ్చి నాలుగు రోజుల్లో పోయాడు. ఈ గదిలోనే, ఈ గుమ్మం ముందు పడుకోబెట్టారు. ఎటు చూడాలో తెలీక నేను పైకి చూశాను. ఈవిడ కనిపించింది. ఎర్రచీర, నుదుట బొట్టు. కింద మా అమ్మ. పెద్దయ్యాక నైషధం చదివాను, భారతంలో నలోపాఖ్యానం చదివాను, పిల్లలకి పాఠం చెప్పాను. ఎప్పుడు చదివినా నా కళ్లకి కట్టింది ఆ రోజే. ఇప్పుడు దీన్ని మూట గట్టి మా మేనకోడలి కాపరానికి పంపమంటే నా చేతులు రావడం లేదు.

ఇంతకాలం ఆ ఇంట్లో ఉండి కూడా నాకు ఈ సంగతి తెలియదు. కాసేపు ఏమీ అనలేకపోయాను. స్టేషనులో ఏదో గూడ్సు ఆగకుండా వెళ్లింది, కిటికీ అద్దాలు కదిలాయి. అత్తయ్య వచ్చి అన్నాలకి లెమ్మంది. తిన్నాక మావయ్యే మళ్లీ పటం ముందు కూర్చున్నాడు.

నేను: ఒకటి అడగొచ్చా? తాతయ్య పోయాక అమ్మమ్మ ఈ పటం దించేసిందా?

మావయ్య: లేదు. పోయేదాకా అక్కడే ఉంది.

నేను: శుక్రవారం తుడవడం మానేసిందా?

మావయ్య: మానలేదు. తనకి బొట్టు లేకపోయినా పటానికి పెట్టీది.

నేను: పటం చెప్పేది కష్టమనే అయితే, ఆ కష్టం పడిన మనిషే ముందు దించేయాలి కదా? అమ్మమ్మకి ఈ బొమ్మ ఎవరని తెలుసు?

మావయ్య: (మొదటిసారి మొహం తేటపడింది.) సరస్వతి అనుకునీది. హంస ఉంది కదా, తామరలు ఉన్నాయి కదా. చదువు రాదు, ఎవరూ చెప్పలేదు. పరీక్షలకి వెళ్లేటప్పుడు నన్నూ మీ అమ్మనీ దీని ముందు నిలబెట్టి దండం పెట్టించీది. నాకు నైషధం చదివాకే తెలిసింది, ఈవిడ సరస్వతి కాదు దమయంతి అని. అమ్మకి చెప్పలేదు.

నేను: ఎందుకు చెప్పలేదు?

మావయ్య: చెప్పబుద్ధి కాలేదు.

నేను: చూడు మావయ్యా. నువ్వు ఈ పటంలో విధిని చూసి యాభై ఏళ్లు భయపడ్డావు. అమ్మమ్మ చదువుల తల్లిని చూసి, మొగుడు లేని ఇంట్లో ఇద్దరు పిల్లల్ని బడి మాన్పించకుండా చదివించింది. కాగితం ఒకటే, రంగులూ అవే. ఈ అచ్చులు ఇంటింటికీ రావాలనే కదా రవివర్మ 1894లో బొంబాయిలో ప్రెస్సు పెట్టింది! రాతి పలకల మీద ఒక్కో రంగుకీ ఒక్కో పలక చేసి అచ్చేసేవారట. రాజుల గోడల మీద ఉండే బొమ్మ గుమస్తా ఇంటికి వచ్చింది. వచ్చాక దానికి అర్థం చెప్పింది ఆ ఇంటి మనుషులే.

మావయ్య: అమ్మది పొరపాటు కదమ్మా. పొరపాటుని అర్థం అనొచ్చా?

నేను: నువ్వే చెప్పు. దమయంతి కథలో సరస్వతి లేదా?

మావయ్య: (ఉలిక్కిపడినట్టు చూశాడు.) ఉంది. స్వయంవరంలో దమయంతి చెయ్యి పట్టుకుని ఒక్కో రాజునీ పరిచయం చేసేది సరస్వతే. శ్రీహర్షుడు అలా పెట్టాడు, శ్రీనాథుడు తెలుగు చేశాడు. ఇంద్రుడు, అగ్ని, యముడు, వరుణుడు, నలుగురూ నలుడి వేషం వేసుకుని కూర్చుంటారు. అసలు నలుడు ఐదోవాడు. అబద్ధం చెప్పకూడదు, నిజం చెప్పి దేవతల గుట్టు బయట పెట్టకూడదు. అందుకని సరస్వతి ఒక్కో పద్యంలో రెండేసి అర్థాలు పెడుతుంది. ఒక రకంగా వింటే ఇంద్రుడు, ఇంకో రకంగా వింటే నలుడు. పంచనలీయం అంటారు దాన్ని. (పటం వైపు తిరిగి) రెండర్థాల మాట. ఈ బొమ్మలాగే.

నేను: మరి దమయంతి ఎలా పోల్చుకుంది?

మావయ్య: దేవతలకి రెప్ప పడదు. చెమట పట్టదు. కాళ్లు నేలకి ఆనవు. నీడ పడదు. మెడలో దండ వాడదు. ఐదోవాడికి రెప్ప పడుతోంది, చెమట పట్టింది, కాళ్లకి దుమ్ముంది, నీడ ఉంది, దండ వాడిపోతోంది. వరమాల అతని మెడలో వేసింది.

నేను: అయితే ఆవిడ చూసింది నేను చెప్పినట్టే కదా! పేరు ముందే అనుకోలేదు. అందరూ ఒకే పేరు చెబుతున్నారు. కాళ్లు చూసింది, నీడ చూసింది, నుదుటి మీద చెమట చూసింది.

మావయ్య: ఆగు. (చాలాసేపు ఊరుకున్నాడు.) పిల్లలకి ఈ పాఠం చాలాసార్లు చెప్పాను. దేవతల గుర్తులు వరసగా బోర్డు మీద రాయించాను. ఎన్నడూ ఇలా ఆలోచించలేదు. ఆ నలుగురిలో ఎవరి మెడలో వేసినా ఆవిడకి అడవి లేదు, ఎడబాటు లేదు. వాళ్లు ముసలివాళ్లు కారు, చావరు. యముడే వచ్చి కూర్చున్నాడు పెళ్లికొడుకై! అతని మెడలో వేసి ఉంటే చావు భయం ఏముంటుంది? ఆవిడ దండ వాడిపోతున్నవాణ్ణి ఎంచుకుంది. వాడుతుందని తెలిసే ఎంచుకుంది. వాడడమే కదా అతన్ని పట్టించిన గుర్తు.

నేను: అంటే...

మావయ్య: తెలీకుండా విధికి దొరికిపోయిందనుకున్నాను ఇన్నాళ్లూ. కాదు. మనిషిని కట్టుకుంటే మనిషికి వచ్చేవన్నీ వస్తాయి, జ్వరాలూ జూదాలూ ఎడబాటులూ. అదంతా కలిపే కావాలంది. నువ్వన్న ఇష్టం, నేనన్న రాత, రెండూ ఆ దండలోనే ఉన్నాయి. ఆవిడ నవ్వకపోవడం నాకు ఇప్పుడు సబబుగానే కనిపిస్తోంది. అంత పెద్ద సంగతి వింటూ ఎవరు నవ్వుతారు?

నేను: తర్వాత కూడా ఆవిడ ఏడుస్తూ కూర్చోలేదు కదా. నలుణ్ణి వెతకడానికి బ్రాహ్మల్ని పంపింది. అయోధ్యలో ఉన్నాడని అనుమానం రాగానే, మళ్లీ స్వయంవరం అని ఋతుపర్ణుడికి ఒక్కడికే కబురు పెట్టించింది. ఒక్క రోజులో రథం తోలగలిగేది నలుడేనని ఆవిడకి తెలుసు.

మావయ్య: దారిలో తాండ్రచెట్టు ఆకులూ కాయలూ లెక్కపెట్టే విద్య నేర్చుకున్నాడు నలుడు. అక్షహృదయం. లెక్క తెలిసిన వెంటనే, అతన్ని పట్టి జూదమాడించిన కలి అతని ఒంట్లోంచి బయటికొచ్చి ఆ చెట్టులో దూరాడు. మీ మహారాజు జాబితా గుర్తొస్తోంది నాకు. లెక్క తీస్తే కలి నిలవడు.

నేను: సీతమ్మది కూడా చూడు. ఏటా రామతీర్థం కల్యాణానికి వెళ్లి తలంబ్రాలు తెచ్చుకుంటాం. శుభలేఖ మీద సీతారాముల బొమ్మ వేయిస్తాం. వశిష్ఠుడంతటివాడు ఉన్న పెళ్లి అది, అయినా ఆవిడ పడ్డ కష్టం తక్కువా? కష్టపడిందని ఆవిడ బొమ్మని ఎవరం దూరం పెట్టలేదు. దమయంతిని మాత్రం ఎందుకు పెట్టాలి?

మావయ్య: పెట్టక్కర్లేదు. కానీ అప్పకి ఒక మాట చెప్పే పంపుదాం. కథ దాచొద్దు. అడవి ఉందని చెప్పు, చీర చింపాడని చెప్పు, తిరిగి కలిశారని చెప్పు. తెలిసి పెట్టుకోవాలి గోడకి. తెలీకుండా పెట్టుకుంటే నాలాగే ఏదో ఒకరోజు భయపడుతుంది.

నేను: చెబుతాను.

మావయ్య తడిగుడ్డ తెమ్మన్నాడు. అద్దం మీద సున్నం చుక్కలు పడి ఉన్నాయి. అవి తుడిచాడు. కుంకుమ దగ్గరికి వచ్చేసరికి గుడ్డ అంచు మడిచి, వేలికి చుట్టి, ఆ గడ్డ చుట్టూరా మెల్లగా తుడిచి దాన్ని అలాగే వదిలేశాడు. హంస తల మీద బొట్టు దగ్గరా అంతే. తర్వాత పటం బోర్లా తిప్పాడు. వెనక చెక్క మీద దుమ్ము తప్ప ఏమీ లేదు. జేబులోంచి పెన్ను తీశాడు.

మావయ్య: ఎవరి బొమ్మో వెనకాల రాసి పంపడం మంచిది. రేపు వాళ్ల పిల్లలు అడుగుతారు. ఏం రాయమంటావు? దమయంతి అంటే అమ్మ ఒప్పుకోదు. సరస్వతి అంటే నా చదువు ఒప్పుకోదు.

నేను: ఏమీ రాయొద్దు మావయ్యా. అప్పని చూసుకోనీ.

ఆయన పెన్ను మూత పెట్టేశాడు. పాత దుప్పటి ఒకటి తెచ్చి, పటాన్ని నాలుగు మూలలా చుట్టి, సారె బిందెల పక్కన నిలబెట్టాడు.